అడ్డే జబ్బు, అడ్డే మందు
(నరాల జబ్బులు, నికోటినిక్ రిసెప్టర్‌ను అడ్డుకునే మందులు: ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఒక చిన్న పరీక్ష గురించి చెప్పి మొదలుపెడతాను. దానికి మిషన్లు అక్కర్లేదు, సూదులు అక్కర్లేదు. గుడ్డలో చుట్టిన ఐసు ముక్క ఉంటే చాలు.

ఒకావిడ డాక్టర్ ముందు కూర్చుంది అనుకోండి. పొద్దున లేచేసరికి కళ్లు బాగానే ఉంటాయి. మధ్యాహ్నం దాటాక ఒక రెప్ప వాలడం మొదలవుతుంది. సాయంత్రానికి కన్ను సగం మూసుకుపోతుంది, ఎదురుగా ఉన్న మనిషి ఇద్దరుగా కనిపిస్తాడు. భోజనానికి కూర్చుంటే మొదటి నాలుగు ముద్దలు బాగానే నములుతుంది, తర్వాత దవడ అలిసిపోయి చేత్తో గడ్డం ఆనించుకోవాల్సి వస్తుంది. డాక్టర్ ఆ వాలిన రెప్ప మీద ఐసు పెట్టి 2 నిమిషాలు ఉంచుతారు. తీస్తారు. రెప్ప లేచి ఉంటుంది. కాసేపటికి మళ్లీ వాలిపోతుంది.

రెప్పని ఎత్తే కండరం బాగానే ఉంది. అక్కడికి వచ్చే నరమూ బాగానే ఉంది. రెండూ బాగున్నప్పుడు మరి చెడింది ఏది? నరం చివరకీ కండరానికీ మధ్య సన్నటి సందు ఒకటి ఉంటుంది. నరం కబురు చెబుతుంది, కండరం వింటుంది, ఆ వినే చోట చెవులు మూసుకుపోయాయి. ఆ జబ్బు పేరు మయస్తీనియా గ్రేవిస్. ఆ చెవుల పేరు నికోటినిక్ రిసెప్టర్లు. ఆ చెవుల్ని మూసేసే పదార్థాలు మందుల అలమరల్లోనూ ఉన్నాయి, పాముల కోరల్లోనూ ఉన్నాయి, మన ఒంట్లోనే తయారయ్యేవీ ఉన్నాయి. ఇవాళ నేను మాట్లాడబోయేది వాటి గురించే.

నేను ఫార్మకాలజీ, అంటే మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చెప్పే శాస్త్రం, చెప్పుకుని బతికినవాణ్ని. ఈ విషయం మొదట నాకు పుస్తకంలో అర్థం కాలేదు, ల్యాబ్‌లో అర్థమైంది. మా చదువు రోజుల్లో కప్ప పొట్ట కండరంతో ఒక ప్రయోగం చేయించేవారు. సన్నటి పట్టీ లాంటి ఆ కండరాన్ని దారంతో కట్టి, ఉప్పునీళ్లలాంటి ద్రావణం ఉన్న గాజు గొట్టంలో వేలాడదీసేవాళ్లం. దారం రెండో కొస ఒక తేలికపాటి పుల్లకి కట్టి ఉంటుంది. ఆ పుల్ల మొన, మెల్లగా తిరిగే డ్రమ్ము మీద ఆనుకుని ఉంటుంది. డ్రమ్ముకి చుట్టిన కాగితానికి ముందే పొగమసి పట్టిస్తాం. నరం కండరానికి కబురు పంపే రసాయనం పేరు ఎసిటైల్‌కోలిన్. ద్రావణంలో అది కాస్త వేస్తే కండరం నెమ్మదిగా ముడుచుకుంటుంది, నల్లటి మసి మీద తెల్లటి గీత కొండలా లేస్తుంది. కడిగేస్తే దిగుతుంది. తర్వాత క్యురారే అనే విషంలోంచి తీసిన ట్యూబోక్యురారిన్ రెండు చుక్కలు వేసి, మళ్లీ అంతే ఎసిటైల్‌కోలిన్ వేస్తాం. ఈసారి కొండ లేవదు. చిన్న మిట్ట లేస్తుంది. అప్పుడు మా మాస్టారు వెనకనుంచి వచ్చి, "ఎసిటైల్‌కోలిన్ పెంచి చూడు" అన్నారు. పెంచాను. కొండ మళ్లీ లేచింది.

ఆ కాగితం మీద ఉన్నదే ఇవాళ్టి ప్రసంగంలో సగం. క్యురారే కండరాన్ని చంపలేదు. గుమ్మంలో అడ్డంగా నిలబడింది, అంతే. లోపలికి వెళ్లాల్సినవాళ్లు ఎక్కువమంది వస్తే, నెట్టుకుని వెళ్లగలిగారు. ఈ నెట్టుకోవడం అనే మాట గుర్తుపెట్టుకోండి. దీనితో పని ఉంది.

క్యురారే దక్షిణ అమెరికా అడవుల్లోని వేటగాళ్లు బాణాల మొనలకి పూసే చెట్ల రసం. 19వ శతాబ్దం మధ్యలో ఫ్రెంచి శాస్త్రవేత్త క్లోద్ బెర్నార్డ్ దాన్ని కప్పలకి ఎక్కించి చూశారు. నరానికి కరెంటు తగిలిస్తే కండరం కదలలేదు. కండరానికే నేరుగా తగిలిస్తే కదిలింది. ఇది అందరూ చెప్పే భాగం. నన్ను ఇప్పటికీ వదలని భాగం ఇంకొకటి ఉంది. ఆయన ఒక కప్పకి వెనక కాలు ఒకదానికి రక్తం పోకుండా కట్టేసి, మిగతా ఒంటికి క్యురారే ఇచ్చారు. ఒళ్లంతా చచ్చుబడింది, కట్టేసిన కాలు తప్ప. ఇప్పుడు చచ్చుబడిన చోట గిల్లారు. ఆ చోటు కదలలేదు. కట్టేసిన కాలు మాత్రం ఎగిరిపడింది. అంటే గిల్లిన సంగతి లోపలికి చేరింది. నొప్పి తెలుసుకునే దారి తెరిచే ఉంది, తెలిసిందని చెప్పే దారి మాత్రమే మూసుకుంది. వందేళ్ల తర్వాత ఆపరేషన్ గదుల్లో ఈ ముక్క ఎంత పెద్దదయిందో కాసేపట్లో చెబుతాను.

1905లో కేంబ్రిడ్జిలో జాన్ న్యూపోర్ట్ లాంగ్లీ కోడి కండరాల మీద పనిచేస్తూ ఇంకో అడుగు వేశారు. నికోటిన్ రాస్తే కండరం బిగుసుకుంటోంది. నరాన్ని కోసేసి, అది పూర్తిగా పాడైపోయాక రాసినా బిగుసుకుంటోంది. క్యురారే ఇస్తే ఆ పని ఆగిపోతోంది. కాబట్టి నికోటినూ క్యురారే పోట్లాడుకుంటున్న చోటు నరంలో లేదు, కండరం మీదే ఉంది అని ఆయన తేల్చారు. దానికి గ్రహించే పదార్థం అని పేరు పెట్టారు. ఇవాళ మనం రిసెప్టర్ అంటున్న మాటకి పునాది ఆ పనిలో ఉంది. 1914లో హెన్రీ డేల్, ఎసిటైల్‌కోలిన్ చేసే పనుల్లో కొన్ని నికోటిన్ పనుల్లా, కొన్ని మస్కరిన్ అనే పుట్టగొడుగు విషం పనుల్లా ఉన్నాయని రెండుగా విడదీశారు. అప్పటినుంచి నికోటినిక్, మస్కరినిక్ అనే పేర్లు నిలిచిపోయాయి.

పేరు చూసి ఇది పొగాకు గొడవ అనుకునేవాళ్లు చాలామంది. నికోటినిక్ రిసెప్టర్ పొగతాగేవాళ్లకే ఉండేది కాదు. జీవితంలో పొగాకు ముట్టని మనిషి కూడా ఊపిరి తీసుకుంటున్నాడంటే, ఊపిరి ఆడించే కండరమైన ఉదరవితానం మీద ఈ రిసెప్టర్లు నిమిషానికి పదిహేను సార్లు పనిచేస్తున్నాయి కాబట్టే. నికోటిన్ బయటినుంచి వచ్చి ఆ గుమ్మం తలుపు తట్టింది. మనవాళ్లు తలుపుకి ఆ అతిథి పేరు పెట్టేశారు.

తలుపు అన్నాను కదా, అది ఎలా ఉంటుందో చెబుతాను. అయిదు ప్రోటీన్ ముక్కలు పువ్వు రేకుల్లా గుండ్రంగా కూర్చుంటాయి, మధ్యలో సన్నటి రంధ్రం. ఎసిటైల్‌కోలిన్ అణువులు రెండు పక్కనున్న జేబుల్లో దిగగానే రేకులు కొద్దిగా మెలితిరిగి రంధ్రం తెరుచుకుంటుంది. సోడియం లోపలికి దూకుతుంది. సెకనులో వెయ్యో వంతు, రెండు వంతులు, అంతలో మూసుకుంటుంది. రేకులు అన్నిచోట్లా ఒక్కటే రకం ఉండవు. కండరం మీద ఒక కూర్పు, రక్తపోటునీ పేగుల కదలికనీ నడిపే నరాల ముడుల్లో మరో కూర్పు, మెదడులో ఇంకో కూర్పు. మెదడులో ఎక్కువగా ఉండేవి ఆల్ఫా4బీటా2, ఆల్ఫా7. పేర్లు గుర్తుండకపోయినా పర్వాలేదు. కూర్పులు వేరు అన్నది గుర్తుంటే చాలు. ఎందుకంటే ఒకచోట అడ్డుకునే మందు ఇంకోచోట అడ్డుకోకుండా ఉండగలిగేది ఆ తేడా వల్లే.

ఇప్పుడు మళ్లీ ఆ వాలిన రెప్ప దగ్గరికి వద్దాం.

1934లో లండన్ గ్రీనిచ్‌లోని సెయింట్ ఆల్ఫీజ్ ఆసుపత్రిలో మేరీ వాకర్ అనే డాక్టర్ ఉండేవారు. పెద్ద హోదా లేదు, పేరున్న పరిశోధనశాల లేదు. మయస్తీనియా రోగిని చూస్తే క్యురారే విషం ఎక్కిన మనిషిలా ఉంటాడన్న పోలిక ఆమె చెవిన పడింది. క్యురారేకి విరుగుడుగా ఫైసోస్టిగ్మిన్ పనిచేస్తుందని అప్పటికే తెలుసు. ఆమె ఆ రెండిటినీ కలిపి, ఒక రోగికి ఫైసోస్టిగ్మిన్ సూది వేశారు. రెప్ప లేచింది, మింగడం తేలికైంది, ఒళ్లు బరువు తగ్గినట్టు ఉందని రోగి చెప్పింది. కొన్ని గంటలు ఉండి ఆ బలం తగ్గిపోయింది. అయినా ఆ కొన్ని గంటలు చాలు, జబ్బు ఎక్కడుందో వేలు పెట్టి చూపించడానికి. ఆ మందు ఎసిటైల్‌కోలిన్‌ని నరికేసే ఎంజైమ్‌ని ఆపుతుంది. సందులో ఎసిటైల్‌కోలిన్ పోగవుతుంది, అడ్డు ఉన్నా నెట్టుకుని వెళుతుంది. నా పొగమసి కాగితం మీద లేచిన రెండో కొండ అదే. ఐసు ముక్క పని కూడా దాదాపు ఇదే, చలికి ఆ ఎంజైమ్ మందగిస్తుంది. ఇవాళ రోగులు రోజూ వేసుకునే పిరిడోస్టిగ్మిన్ మాత్ర మేరీ వాకర్ వేసిన దారిలోనే వచ్చింది. వైద్య చరిత్రలో ఆమెకి దక్కాల్సినంత చోటు దక్కలేదని నా గట్టి నమ్మకం.

అయితే రోగి ఒంట్లో క్యురారే ఎక్కడినుంచి వచ్చింది? దీనికి జవాబు పాముల దారిలో దొరికింది. 1963లో తైవాన్‌లో చాంగ్, లీ అనే శాస్త్రవేత్తలు ఒక రకం కట్లపాము విషంలోంచి ఆల్ఫా బంగారోటాక్సిన్ అనే పదార్థాన్ని విడదీశారు. అది కండరాల నికోటినిక్ రిసెప్టర్‌ని పట్టుకుందంటే దాదాపు వదలదు. మనిషికి అది ప్రాణాంతకం, పరిశోధకుడికి మాత్రం చేతికి దొరికిన పట్టకారు. కరెంటు చేపల్లో, పాములా ఉండే కరెంటు ఈల్‌లో ఈ రిసెప్టర్లు కుప్పలుగా ఉంటాయి. 1970 ప్రాంతంలో పారిస్‌లో జాన్ పియేర్ షాంజూ బృందం ఈ విషాన్నే గాలంగా వేసి ఈల్ నుంచి రిసెప్టర్‌ని బయటికి తీసింది. అంతవరకూ ఊహగా ఉన్నది గాజు గొట్టంలోకి వచ్చింది.

1973లో అమెరికాలో పాట్రిక్, లిండ్‌స్ట్రామ్ అనే ఇద్దరు ఈల్ రిసెప్టర్‌ని కుందేళ్లకి ఎక్కించారు. వాళ్లకి కావలసింది దాని మీద యాంటీబాడీలు, అంటే బయటినుంచి వచ్చిన శత్రువుని పట్టుకోవడానికి ఒళ్లు తయారుచేసే ప్రోటీన్లు. యాంటీబాడీలు వచ్చాయి, కుందేళ్లు మాత్రం మెడ నిలపలేక, కాళ్లు చాపేసి పడిపోయాయి. ఎంజైమ్‌ని ఆపే మందు ఇస్తే లేచాయి. కుందేళ్ల ఒళ్లు ఈల్ రిసెప్టర్‌తో పాటు తన రిసెప్టర్‌ని కూడా శత్రువుగా ఎంచింది. అదే ఏడు ఫాంబ్రో, డ్రాక్‌మన్ బృందం పాము విషానికి రేడియోధార్మిక గుర్తు కట్టి మయస్తీనియా రోగుల కండరాల్లో రిసెప్టర్లు లెక్కపెట్టింది. ఉండాల్సినవాటిలో మూడో వంతు కూడా లేవు. జబ్బు మూలం తేలిపోయింది. ఒళ్లే తన క్యురారేని తయారుచేసుకుంటోంది. పైగా ఈ యాంటీబాడీలు క్యురారే కంటే మొరటువి. తలుపుకి అడ్డంగా నిలబడటంతో ఆగవు, తలుపుల్ని పీకేస్తాయి, గోడని కూడా కూలుస్తాయి.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. కండరం మీద దేహం ఈ రిసెప్టర్లని అవసరానికి మించి పేర్చిపెట్టింది. నాలుగింట మూడొంతులు మూసుకుపోయినా మామూలు కదలిక తగ్గదు. అది దాటాకే బలం జారడం కనిపిస్తుంది, తొంభై శాతం దాటితే దాదాపు ఆగిపోతుంది. 1967లో పేటన్, వాడ్ చేసిన పని ఇది. ఈ లెక్క తెలిస్తే మయస్తీనియా సాయంత్రాలు ఎందుకు బరువో అర్థమవుతుంది. రోగి అంచు మీద బతుకుతోంది. నరం వరసగా వాడుతూ పోతే విడుదలయ్యే ఎసిటైల్‌కోలిన్ కొద్దికొద్దిగా తగ్గడం అందరిలోనూ ఉంటుంది. మనకి ఆ తగ్గుదల తెలియదు, కింద బోలెడంత నిల్వ ఉంది. ఆవిడకి నిల్వ లేదు. అందుకే పొద్దున ఒక మనిషి, సాయంత్రం ఇంకో మనిషి. "నటిస్తోంది, బద్ధకం" అని ఇంట్లోవాళ్లు అనే మాట నేను చాలాసార్లు విన్నాను. వినేటప్పుడల్లా ఈ లెక్క వాళ్లకి చెప్పాలనిపిస్తుంది. దయచేసి మీరు చెప్పండి.

అంచు మీద ఉన్నవాళ్లని తోసేసే మందులు చాలా ఉన్నాయి. జెంటామైసిన్ లాంటి యాంటీబయాటిక్కులు, సిప్రోఫ్లోక్సాసిన్ జాతి మాత్రలు, మెగ్నీషియం ఇంజెక్షన్లు, కొన్ని గుండె మందులు. మామూలు మనిషి వీటి ఊసే పట్టించుకోడు, నిల్వ కాపాడుతుంది. మయస్తీనియా ఉన్నవాళ్లకి ఒక్క కోర్సు చాలు, ఊపిరి దాకా వస్తుంది. సిప్రోఫ్లోక్సాసిన్ జాతి మీద అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2011లో ఇందుకోసమే అన్నిటికంటే తీవ్రమైన హెచ్చరిక పెట్టించింది.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. అడ్డుని మందుగా వాడటం.

క్యురారే ఆధునిక వైద్యంలోకి వచ్చింది మత్తు కోసం అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది నరాల జబ్బు వెంటే వచ్చింది. రిచర్డ్ గిల్ అనే అమెరికన్ ఈక్వడార్‌లో ఉండేవాడు. కాళ్లూ చేతులూ కొయ్యబారిపోయే నరాల జబ్బు పట్టుకుంది. బిగిసిన కండరాల్ని క్యురారే వదులు చేయగలదేమో అని ఒక న్యూరాలజిస్ట్ అన్నమాట పట్టుకుని, కాస్త కోలుకోగానే 1938లో మళ్లీ అడవికి వెళ్లి ఆ రసాన్ని మూటలు కట్టుకుని తెచ్చాడు. దానినుంచి శుద్ధి చేసిన మందుని నెబ్రాస్కాలో బెన్నెట్ అనే డాక్టర్ కండరాలు బిగుసుకుపోయే పిల్లలకి ఇచ్చి చూశారు, పెద్దగా నిలబడే ఫలితం రాలేదు. ఆ రోజుల్లో మానసిక రోగులకి మందుతో మూర్ఛ తెప్పించే వైద్యం ఉండేది, ఆ కుదుపులకి వెన్నుపూసలు విరిగేవి. ముందుగా క్యురారే ఇస్తే విరగలేదు. 1942 జనవరి 23న మాంట్రియల్‌లో హరాల్డ్ గ్రిఫిత్, ఎనిడ్ జాన్సన్ ఇరవయ్యేళ్ల కుర్రాడి అపెండిక్స్ ఆపరేషన్‌లో మత్తుతో పాటు దాన్ని వాడారు. పొట్ట కండరాలు మెత్తబడ్డాయి, సర్జన్ పని సులువైంది. ఆపరేషన్ గదుల తీరు ఆ రోజుతో మారిపోయింది.

మారిపోయింది కానీ ఒక ప్రశ్న మిగిలింది. కదలకుండా పడుకున్న మనిషి నిద్రపోతున్నాడా? క్యురారే మెదడుని కూడా మగత పెడుతుందని కొందరు అప్పట్లో నమ్మారు. 1947లో అమెరికాలోని యూటాలో స్కాట్ స్మిత్ అనే మత్తు డాక్టర్ తన మీదే పరీక్ష పెట్టుకున్నారు. మత్తుమందు ఏదీ లేకుండా, ఊపిరి ఆగిపోయే మోతాదుకి రెండున్నర రెట్లు ట్యూబోక్యురారిన్ ఎక్కించుకున్నారు. తోటివాళ్లు చేత్తో ఊపిరి ఆడించారు. వేలు కదల్చలేరు, రెప్ప కదల్చలేరు. తేరుకున్నాక, మధ్యలో తన పక్కన జరిగినవన్నీ, విన్న మాటలన్నీ, గుచ్చితే కలిగిన నొప్పితో సహా చెప్పారు. బెర్నార్డ్ కప్ప కాలు చెప్పిన సాక్ష్యమే ఒక మనిషి నోట మళ్లీ వచ్చింది. ఈ మందులు మెదడులోకి చేరవు. కదలికని ఆపుతాయి, బాధని ఆపవు. నా విద్యార్థులకి నేను ఏడాదికి ఒకసారైనా ఈ సంగతి నిలబడి చెప్పేవాణ్ని. మంచం మీద కదలని మనిషి ముందు ఏం మాట్లాడుతున్నామో, నొప్పిమందు పడిందో లేదో చూసుకోవాలి. వాళ్లు వింటూ ఉండవచ్చు.

నా దృష్టిలో ఈ రంగం మొత్తంలో అందమైన పరిశోధన ఏదని అడిగితే, స్లో ఛానల్ సిండ్రోమ్ మీద జరిగిన పని అంటాను. కొద్దిమందికే వచ్చే జబ్బు. పైకి మయస్తీనియాలాగే బలహీనత, అలసట. 1982లో మేయో క్లినిక్‌లో ఆండ్రూ ఎంగెల్ బృందం దీన్ని విడదీసి చూపింది. ఇందులో యాంటీబాడీలు లేవు, పుట్టుకతో వచ్చిన జన్యు మార్పు ఉంది. తలుపు తెరుచుకుంటుంది కానీ సమయానికి మూసుకోదు. ఎక్కువసేపు తెరిచి ఉండటంతో కాల్షియం లోపలికి వచ్చిపడి, కండరం వినే చోటు క్రమంగా శిథిలమవుతుంది. ఇప్పుడు ఆలోచించండి. మయస్తీనియా అనుకుని పిరిడోస్టిగ్మిన్ ఇస్తే ఏమవుతుంది? తెరిచిన తలుపు ముందుకి ఇంకా జనాన్ని తోలినట్టు. జబ్బు ముదురుతుంది. దీనికి కావలసింది అడ్డు. అది కూడా మూసి ఉన్న తలుపు ముందు నిలబడే క్యురారే లాంటి అడ్డు పనికిరాదు. తెరిచిన రంధ్రంలో దూరి, దాన్ని త్వరగా మూతపడేట్టు చేసే అడ్డు కావాలి. అలాంటి పని చేసే మందు గుండె లయ తప్పినప్పుడు వాడే క్వినిడిన్. 1998లో హార్పర్, ఎంగెల్ దాన్ని ఈ రోగులకి ఇచ్చారు, బలం పెరిగింది. 2003లో డిప్రెషన్ మాత్ర ఫ్లూయాక్సిటిన్ కూడా అదే పని చేస్తుందని చూపించారు. గుండె మందు, మనసు మందు కండరం మీది ఒక రంధ్రంలో కలిశాయి.

ఒకే లక్షణం, ఒకే రిసెప్టర్. ఒకరికి అడ్డు తీయాలి, ఒకరికి అడ్డు పెట్టాలి. "నికోటినిక్ రిసెప్టర్‌ని అడ్డుకునే మందు మంచిదా చెడ్డదా" అని నన్ను ఎవరైనా అడిగితే నేను ఎదురు అడిగేది ఒక్కటే. ఏ తలుపు, ఎక్కడి తలుపు, అది ఇప్పుడు తెరిచి ఉందా మూసి ఉందా?

మెదడు దగ్గరికి వచ్చేసరికి ఈ ప్రశ్నకి జవాబు చెప్పడం చాలా కష్టం. 1948లో పేటన్, జైమిస్ అనే శాస్త్రవేత్తలు హెక్సామెథోనియమ్ అనే మందు మీద పనిచేశారు. అది నరాల ముడుల్లోని రిసెప్టర్లని అడ్డుకుంటుంది, కండరం జోలికి పోదు. 1950లలో ప్రమాదకరమైన రక్తపోటుకి అదే ఆధారం. ప్రాణాలు నిలిపింది, కానీ లేచి నిలబడితే కళ్లు తిరగడం, నోరెండిపోవడం, మలబద్ధకం, మసక చూపు. ముడులన్నిటినీ ఒకేసారి కట్టేస్తే అంతే మరి. అది మెదడులోకి వెళ్లదు. తర్వాత వచ్చిన మెకామిలమిన్ వెళుతుంది. దాంతో పరిశోధకులకి కొత్త ఆశ పుట్టింది. మెదడులో ఎసిటైల్‌కోలిన్ పని ఎక్కువైతే మనసు కుంగుతుందన్న ఆలోచన 1972 నుంచీ ఉంది. మెకామిలమిన్‌లో ఒకదానికొకటి అద్దంలో బొమ్మల్లా ఉండే రెండు రూపాలు కలిసి ఉంటాయి, వాటిలో ఒకదాన్ని విడదీసి డిప్రెషన్ మందుగా పరీక్షించారు. చిన్న పరీక్షల్లో బాగుంది. పెద్ద పరీక్షల్లో, 2012 నాటికి, ఉత్తి మాత్రకీ దానికీ తేడా తేలలేదు. కుదుపులూ అసంకల్పిత అరుపులూ ఉండే టూరెట్ జబ్బులోనూ ఇంతే. కొందరు రోగుల్లో మెరుగు కనిపించిందన్నారు, 2001లో ఉత్తి మాత్రతో పోల్చి చేసిన పరీక్ష దాన్ని నిలబెట్టలేదు.

ఈ ఓటముల్ని నేను వ్యర్థం అనను. ఆ పరీక్షలకి ఒప్పుకున్న రోగులు మనందరికీ ఒక జవాబు సంపాదించి పెట్టారు. అయితే చిన్న పరీక్ష గెలవగానే పతాక శీర్షికలు పెట్టి, పెద్ద పరీక్ష ఓడినప్పుడు మౌనంగా ఉండటం రోగులకి అన్యాయం. ఆశ పెట్టుకున్నవాడికి ఓటమి వార్త కూడా చేరాలి.

మెదడులో గట్టిగా నిలబడిన ఉదాహరణ ఒకటుంది. కొన్ని కుటుంబాల్లో రాత్రి నిద్రలో మాత్రమే వచ్చే ఒక రకం మూర్ఛ. మనిషి ఒక్కసారిగా లేచి కాళ్లు చేతులు కొట్టుకుంటాడు, కేకపెడతాడు, ఒక్కో రాత్రి అనేకసార్లు. పీడకల అనో, గాలి సోకిందనో అనుకుంటూ ఏళ్లు గడిచిపోతాయి. 1995లో ఒక ఆస్ట్రేలియా కుటుంబంలో దీని మూలం దొరికింది. మెదడు రిసెప్టర్‌లోని ఆల్ఫా4 ముక్కని తయారుచేసే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారింది. ఒక మూర్ఛ జబ్బుకి నికోటినిక్ రిసెప్టర్ జన్యువు కారణమని తేలడం అదే మొదలు. దీనికి కార్బమజెపిన్ అనే పాత మాత్ర చాలామందిలో బాగా పనిచేస్తుంది. ఆ మాత్ర సోడియం దారుల్ని మూస్తుందని అందరికీ తెలుసు. కానీ అది నికోటినిక్ రిసెప్టర్‌ని కూడా అడ్డుకుంటుందనీ, మారిన రిసెప్టర్‌ని ఇంకా తేలిగ్గా అడ్డుకుంటుందనీ 1999లో బయటపడింది. ఈ రోగుల్లో కొందరికి నికోటిన్ ప్యాచ్ కూడా మూర్ఛలు తగ్గించింది. వింటే తలకిందులుగా ఉంటుంది, తలుపు తెరిచేది ఎలా తగ్గిస్తుంది? తలుపు దగ్గర నికోటిన్ గంటల తరబడి కూర్చుంటే రిసెప్టర్ అలిసి, స్పందించడం మానేస్తుంది. తెరిచేదే చివరికి మూసేదవుతుంది. అందుకే ఈ రంగంలో ప్రేరకం, నిరోధకం అన్న గీతలు కాగితం మీద ఉన్నంత స్పష్టంగా మెదడులో ఉండవు. పొగాకు మానడానికి ఇచ్చే బ్యుప్రోపియాన్ కూడా ఈ రిసెప్టర్‌ని అడ్డుకుంటుంది, ఆ మందు పనిలో దానికీ వాటా ఉందని పరిశోధకుల అంచనా.

నొప్పి గురించి ఒక్క మాట. సముద్రంలో శంకు ఆకారపు నత్తలు విషపు బాణం విసిరి చేపల్ని పడేస్తాయి. ఫిలిప్పీన్స్‌లో పుట్టి యూటాలో స్థిరపడిన బాల్డొమెరో ఒలివేరా జీవితమంతా ఆ విషాలు విప్పుతూ గడిపారు. వాటిలో ఒక జాతి పెప్టైడ్లు, అంటే చిన్న ప్రోటీన్ తునకలు, నికోటినిక్ రిసెప్టర్లని ఒక్కో కూర్పునీ విడివిడిగా గుర్తుపట్టి అడ్డుకుంటాయి. ఆల్ఫా9ఆల్ఫా10 అనే కూర్పుని అడ్డుకుంటే దెబ్బతిన్న నరాల నొప్పి ఎలుకల్లో తగ్గుతోంది. మనుషులకి ఇంకా మందుగా రాలేదు. అయినా నాకు ఆశ ఉన్న దారి ఇదే. ముడులన్నిటినీ కట్టేసిన హెక్సామెథోనియమ్ రోజులనుంచి, ఒక్క తలుపుని ఎంచుకుని దాని ముందే నిలబడే అణువు దాకా రావడం చిన్న ప్రయాణం కాదు.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: సార్, పొగతాగేవాళ్లకి పార్కిన్సన్ తక్కువ అని చదివాను. నికోటిన్ మందుగా పనిచేస్తుందా?

పొగతాగేవాళ్లలో పార్కిన్సన్ తక్కువగా కనిపించడం నిజమే, చాలా అధ్యయనాల్లో వచ్చింది. అందుకే కొత్తగా జబ్బు పట్టినవాళ్లకి ఏడాదిపాటు నికోటిన్ ప్యాచ్ ఇచ్చి చూశారు. ఫలితం 2023లో వచ్చింది. జబ్బు నడక తగ్గలేదు. కాబట్టి ఆ మాట పట్టుకుని ఎవరూ సిగరెట్ వెలిగించకండి. ఊపిరితిత్తులూ గుండే కట్టే వెల ముందు ఆ వాదన నిలవదు.

ప్రశ్న: పురుగుమందు తాగినవాళ్లకి అట్రోపిన్ ఇస్తారు కదా, అదీ ఇలాంటి అడ్డేనా?

అడ్డే, కానీ మస్కరినిక్ వైపు అడ్డు. చొంగ, చెమట, గుండె నెమ్మదించడం, ఊపిరితిత్తుల్లో నీరు, వీటిని అది ఆపుతుంది. కండరాల మీది నికోటినిక్ తలుపుల జోలికి పోదు. అందుకే అట్రోపిన్ పడి రోగి తేరుకున్నట్టు కనిపించాక కూడా, ఒకటి నుంచి నాలుగు రోజుల్లోపు మెడ ఎత్తలేకపోవడం, ఊపిరి అందకపోవడం రావచ్చు. తలగడ మీదనుంచి తల ఎత్తమని అడగండి. ఎత్తలేకపోతే వెంటనే డాక్టర్‌ని పిలవండి, ఆ మనిషిని ఇంటికి తీసుకుపోవద్దు.

ప్రశ్న: మా అమ్మకి మయస్తీనియా ఉందండీ. పిత్తాశయం ఆపరేషన్ అన్నారు. మత్తు డాక్టర్ గారికి ఏం చెప్పాలి?

మంచి ప్రశ్న అడిగావమ్మా. మొదట, జబ్బు ఉందన్న మాట నువ్వే నోటితో చెప్పు, కాగితాల్లో ఉందిలే అని ఊరుకోకు. రోకురోనియమ్ లాంటి క్యురారే జాతి మందులు అమ్మకి మామూలు మోతాదులో పదో వంతు కూడా ఎక్కువ కావచ్చు. ఆవిడకి రిసెప్టర్ల నిల్వ లేదు కదా. ఇంకో రకం మందు సక్సినైల్‌కోలిన్, అది తలుపు తెరిచి పట్టుకుని పనిచేస్తుంది కాబట్టి ఆవిడకి మామూలు మోతాదు చాలకపోవచ్చు. రెండూ డాక్టర్‌కి తెలిసిన విషయాలే, నువ్వు జబ్బు పేరు చెబితే చాలు. పిరిడోస్టిగ్మిన్ మాత్ర ఏ వేళకి ఎంత వేసుకుంటోందో రాసి ఇవ్వు. ఆపరేషన్ రోజు పొద్దున ఆ మాత్ర వేయాలా వద్దా అని ముందురోజే అడుగు. మింగడం కష్టంగా ఉన్నా, మాట ముక్కుతో వస్తున్నా, పడుకుంటే ఊపిరి ఆడకపోయినా తప్పకుండా చెప్పు. రోకురోనియమ్ వాడితే, దాన్ని నేరుగా తన గుప్పిట్లో చుట్టేసి లాగేసే సుగమ్మాడెక్స్ అనే విరుగుడు ఇప్పుడు ఉంది. అది రిసెప్టర్‌నీ ఎంజైమ్‌నీ ముట్టుకోదు కాబట్టి అమ్మలాంటివాళ్లకి సుఖం. ఆ ఆసుపత్రిలో ఉందేమో అడుగు. ఆపరేషన్ తర్వాత ఇచ్చే యాంటీబయాటిక్ పేరు కూడా చూడు. ఇంకోటి, ఆపరేషన్ పొద్దుటి వేళ పెట్టమని అడుగు తల్లీ. అమ్మకి పొద్దున బలం ఎక్కువ ఉంటుంది కదా.